తెరమీది తెలుగక్షరము

2018వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున అనేక దేశముల వార్తాపత్రికలు ఒక తెలుగక్షరమును గూర్చి వ్రాసినవి. తెలుగను భాష యొకటి కలదని యెరుగని వారు సైతము ఆ దినములలో ఆ యక్షరపు బొమ్మను చూచిరి. కాని దానికి కలిగినది కీర్తి కాదు, అపకీర్తి. ఆపిల్ సంస్థవారి ఐఫోనునకు ఎవరైనను ఆ యక్షరమును సందేశముగా పంపినయెడల, దానిని తెరపై చూపబోయిన ప్రోగ్రాము తటాలున ఆగిపోవుచుండెను. మూసి మరల తెరచినచో ఆ సందేశమే మరల ఎదురై ప్రోగ్రాము మరల కూలుచుండెను. ఆకతాయిలు కొందరు ఇది కనిపెట్టి, తెలిసినవారికిని తెలియనివారికిని ఆ యక్షరమును పంపి వినోదించిరి. తమ ఫోనులకేమి వచ్చినదో తెలియక కంగారుపడినవారు, ఏదో వింత దేశపు మంత్రాక్షరము తమ యంత్రమును చెరచినదని తలచిరి.

ఆ యక్షరము 'జ్ఞా'. జ్ఞానము అను పదమునకు మొదటి యక్షరము. తెలుగు బాలురు ఒత్తులు నేర్చిన కొలదిదినములకే దీనిని పలకమీద వ్రాయుచున్నారు. నన్నయ నాటినుండి వ్రాయబడుచున్న యక్షరము ఒక యంత్రమును పడగొట్టినదనుట అక్షరమునకు అన్యాయము చేయుటయే. లోపము అక్షరములో లేదు; అక్షరములను తెరపై కూర్చు పనిముట్టులో నున్నది. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19వ తేదీన 11.2.6 అను సంఖ్యగల కొత్త సాఫ్ట్‌వేరును విడుదల చేసి ఆ లోపమును దిద్దెను. ఆ లోపమెట్టిదో తెలిసికొనవలెనన్నచో, ఫోను తెలుగును ఏ రీతిగా చూపుచున్నదో ముందు తెలియవలెను.

పూర్వము అచ్చుకూటములో కంపోజిటరు ఎదుట కొయ్యకేసులుండెడివి. వాని గళ్లలో సీసపు అచ్చులు వేరువేరుగా నుండెడివి. ఒక గడిలో తలకట్టు గల కకారము, మరియొక గడిలో గుడి గల కకారము, ఇంకొక గడిలో కావత్తు. ఆంగ్లమునకు రెండు కేసులు చాలినచోట తెలుగునకు ఎన్నో గళ్లు కావలసియుండెను. వ్రాతప్రతిలో 'స్త్రీ' అని చూచినంతనే కంపోజిటరు చేయి తనంత తాను సీకారపు అచ్చును, తావత్తును, క్రావడిని వెదకి తెచ్చి, దేని చోట దానిని పొదిగెడిది. వానికి వ్యాకరణము రాకపోవచ్చును. చేతికి మాత్రము అక్షరపు కూర్పు వచ్చును. నేడు సెల్‌ఫోనులో ఆ కంపోజిటరు పనిని ఒక ప్రోగ్రాము చేయుచున్నది. అట్టివానిలో మిక్కిలి ప్రసిద్ధమైన దాని పేరు హార్ఫ్‌బజ్. అది పారసీక భాషాపదములతో ఏర్పడిన పేరు. 'హర్ఫ్' అనగా అక్షరము. ఆండ్రాయిడు ఫోనులలో తెలుగును కూర్చునది ఇదియే.

యంత్రమునకు అక్షరము తెలియదు, సంఖ్య మాత్రమే తెలియును. కావున ప్రతి లిపిలోని ప్రతి యక్షరమునకును ఒక సంఖ్య నిర్ణయింపబడినది. ఈ ఏర్పాటునకు యూనికోడు అని పేరు. దాని మొదటి కూర్పు 1991వ సంవత్సరమున వెలువడెను. అందు తెలుగునకు 3072 మొదలు 3199 వరకు 128 స్థానములు కేటాయింపబడినవి. కకారము సంఖ్య 3093. భారతీయ లిపులకు మన దేశమున 1988లో సిద్ధమైన ఇస్కీ అను పట్టికను అనుసరించియే యూనికోడువారు ఈ వరుసను పెట్టిరి. అందుచేత ఒక చక్కని పొంతన కనబడుచున్నది. దేవనాగరి కకారము 2325. దానికి 768 కలిపినచో తెలుగు కకారము వచ్చును. తెలుగు కకారమునకు 128 కలిపినచో కన్నడ కకారము వచ్చును. ఖ, గ, ఘ మొదలగు తక్కిన హల్లులకును ఇదే లెక్క. ప్రాచీనులు పెట్టిన వర్గక్రమము యంత్రములోపల కూడ చెక్కుచెదరక నిలిచినది.

ఈ ఏర్పాటు రాకముందు తెలుగునకు పట్టిన దుర్దశను నేటి విద్యార్థులు ఎరుగరు. అప్పుడు ఒక్కొక్క ఫాంటు తయారుచేసినవారు ఆంగ్లాక్షరముల సంఖ్యలనే తీసికొని, వాని మీద తమకు తోచిన తెలుగు బొమ్మలను అంటించిరి. ఒకరి ఫాంటుతో వ్రాసిన యుత్తరము అదే ఫాంటు లేని యంత్రములో అర్థము లేని ఆంగ్లాక్షరముల గుంపుగా కనబడెడిది. ఊరికొక కొలతగిన్నె యున్నచో బియ్యపు వర్తకము ఎట్లుండునో అప్పటి తెలుగు వ్రాత అట్లుండెను.

ఇక 'స్త్రీ' అను మాటను చూడుడు. ఫోను దీనిని ఆరు సంఖ్యలుగా దాచుకొనును. సకారము 3128, పొల్లు 3149, తకారము 3108, మరల పొల్లు 3149, రేఫము 3120, చివర గుడిదీర్ఘము 3136. ఒత్తులకు వేరుగా సంఖ్యలు లేవు. పొల్లు తరువాత హల్లు వచ్చినచో ఆ హల్లును ఒత్తుగా వ్రాయవలెనని నియమము. ఇచ్చట ఒక చిక్కు గలదు. గుడిదీర్ఘము అన్నిటికంటె చివర నిలిచియున్నది. ఉచ్చారణలో దాని స్థానమదియే. కాని వ్రాయునపుడు అది ఎక్కవలసినది రేఫము మీద కాదు, మొదటి హల్లగు సకారము మీద. అనగా కూర్చు ప్రోగ్రాము ఆరు సంఖ్యలను చదివి, చివరిదానిని మొదటిదానికి తగిలించి, నడుమ నున్న రెండు హల్లులను క్రిందికి దింపవలెను. ఐత్వము మరియు చిత్రమైనది. దానికి సంఖ్య యొక్కటియే, 3144. బొమ్మకు మాత్రము ఖండములు రెండు. 'కై' అని వ్రాయునపుడు ఒక ఖండము కకారపు తలపైకి పోవును, రెండవది పాదము క్రిందికి పోవును. ఆంగ్లములో సంఖ్య తరువాత సంఖ్యను, బొమ్మ తరువాత బొమ్మను వరుసగా పరచినచో పని ముగియును. తెలుగులో పరచుట చాలదు, పొదుగవలెను.

పొల్లు తరువాత హల్లు వచ్చినను ఒత్తు కారాదని వ్రాయువాడు కోరు సందర్భములు కలవు. 'సాఫ్ట్‌వేరు' అను మాటలో టకారపు పొల్లు పొల్లుగానే నిలువవలెను. లేనిచో టకారము క్రింద వావత్తు చేరి మాట గుర్తుపట్టరాకుండ పోవును. అందుకై 8204 అను సంఖ్యగల ఒక విభజకచిహ్నము కలదు. అది తెరపై కనబడదు, చోటును ఆక్రమింపదు. ఇరుగుపొరుగు అక్షరములను కలియనీయక నడుమ నిలుచుటయే దాని పని.

2018లో ఐఫోనును పడగొట్టిన వరుసలో ఐదు సంఖ్యలుండెను. జకారము, పొల్లు, ఞకారము, పిమ్మట ఈ కనబడని విభజకము, చివర దీర్ఘము. 'జ్ఞా' వ్రాయుటకు ఆ విభజకముతో పని లేదు. ఉన్నను దానిని పట్టించుకొనక సాగిపోవలసిన ప్రోగ్రాము, దీర్ఘమును ఎచ్చట తగిలింపవలెనో నిర్ణయించునపుడు లెక్క తప్పి, యంత్రపు జ్ఞాపకభాగములో తాకరాని చోట చేయి పెట్టెను. జ్ఞాపకభాగము చెడుటయే లోపమనియు, వచ్చిన అక్షరముల వరుసను ముందుగా చక్కగా పరీక్షించునట్లు చేసి దానిని సవరించితిమనియు ఆపిల్ సంస్థ ప్రకటించెను. జ్ఞాపకము అను మాటకును మొదటి యక్షరము 'జ్ఞా'యే యగుట ఒక వింత. కోట్లమంది మాటలాడు భాషలోని నిత్యవ్యవహారపు అక్షరమును తయారుచేసినవారు అన్ని రీతుల పరీక్షించి చూడలేదన్నది మాత్రము ఇందు దాగని సంగతి.

'స్త్రీ' అను మాటలో అక్షరములెన్ని? ఛందస్సు చదివిన బాలుడు ఒక్కటియే అనును. అది గురువని కూడ చెప్పును. అచ్చుతో ముగిసిన ధ్వనిసముదాయమును అక్షరమనిరి గాని హల్లును వేరుగా అక్షరముగా లెక్కింపలేదు. యంత్రము మాత్రము చాలకాలము ఈ మాటను 'స్', 'త్', 'రీ' అని మూడు ఖండములుగా లెక్కించెను. దీనివలన కలుగు కష్టము చిన్నది కాదు. పేరు వ్రాయు గడిలో ఇన్ని యక్షరములే పట్టునని నియమించి, మిగిలినదానిని కోసివైచు ప్రోగ్రాములు కలవు. కోత నడుమ పడినచో సంయుక్తాక్షరము విరిగి పొల్లు మిగులును. 'లక్ష్మి' అను పేరు గల బాలిక తన పేరు 'లక్' అని ముగియుట చూచి నవ్వునో ఏడ్చునో. 2023వ సంవత్సరము సెప్టెంబరులో వెలువడిన యూనికోడు 15.1వ కూర్పులో ఒక కొత్త నియమము చేర్చిరి. తెలుగు, దేవనాగరి, వంగము, గుజరాతీ, ఒడియా, మలయాళము అను లిపులలో పొల్లుతో కలిసిన హల్లుల గుంపును విడదీయక ఒకే యక్షరముగా లెక్కింపవలెనని దాని తాత్పర్యము. మన లాక్షణికులు వేయి సంవత్సరముల క్రిందట చెప్పిన మాటను యంత్రము ఇప్పుడు నేర్చికొనినది.

సంఖ్య తెలిసినను, కూర్పు తెలిసినను, కొన్ని చోట్ల ఆ రెండును చాలవు. అది ఏ భాషయో కూడ తెలియవలెను. హిందీయు మరాఠీయు ఒకే దేవనాగరి లిపిలో వ్రాయబడుచున్నవి. లకారమునకు రెండింటను సంఖ్య యొక్కటియే. కాని హిందీ లకారమునకు కుడిప్రక్క నిలువుగీత గలదు. మరాఠీవారి లకారములో గీత నడుమనుండి దిగి ఇరువైపుల రెండు గుండ్రములుగా తిరుగును. శకారపు రూపమునను భేదము కలదు. మరాఠీ బాలుడు బడిలో తాను నేర్చిన లకారమును ఫోనులో చూడవలెనన్న, ఈ వ్రాత మరాఠీయని ఫోనునకు ఎవరో చెప్పవలెను. చైనా, జపాను దేశములలో ఈ చిక్కు ఇంకను పెద్దది. ఎముక అను అర్థము గల చిత్రాక్షరమునకు 39592 అను ఒకే సంఖ్య నిచ్చిరి. దాని పైభాగములోని చిన్న మూల చైనా ముద్రణలో ఎడమవైపునను, జపాను ముద్రణలో కుడివైపునను ఉండును. భాష చెప్పక వ్రాత మాత్రము పంపినచో, జపాను బాలుడు చదువు కథలో చైనా రూపములు చొరబడును. అర్థము చెడదు గాని, గుణింతము సరిగా నేర్వనివాడెవడో వ్రాసినట్లుండును.

అందువలన ప్రతి భాషకును ఒక గుర్తు నిర్ణయించిరి. తెలుగునకు టీ, ఈ అను రెండు రోమను అక్షరములు. హిందీకి హెచ్, ఐ. మరాఠీకి ఎమ్, ఆర్. ఫోను కొన్నవాడు సెట్టింగులలో తన భాషను ఎన్నుకొనినపుడు లోపల నిలుచునది ఈ గుర్తే. వ్రాతకు వేరుగా గుర్తు లేనియెడల ఫోను తన యజమాని భాషనే దానికి అంటగట్టును. ఇది సహజమే గాని ఎల్లప్పుడును సరి కాదు. ఆంగ్లమును ఎన్నుకొన్నవాని ఫోనునకు మరాఠీ యుత్తరము రావచ్చును గదా! 2012లో వచ్చిన ఆండ్రాయిడు 4.2లో, ఈ వ్రాతఖండము ఫలానా భాషది అని ప్రోగ్రాము వ్రాయువాడు వేరుగా నిర్దేశించుటకు వీలు కల్పించిరి. 2016 నాటి 7.0లో, యజమాని తనకు తెలిసిన భాషలను ఒక్కటి కాక పలుభాషలుగా వరుసక్రమమున చెప్పుకొనుటకు వీలైనది. తెలుగు తొలుత, హిందీ పిమ్మట, ఆంగ్లము ఆ తరువాత అని చెప్పుకొన్నవానికి, తెలుగు ప్రతి లేనిచోట ఫోను హిందీని వెదకును. 2022లో వచ్చిన 13వ కూర్పునుండి ఒక్కొక్క ప్రోగ్రామునకు ఒక్కొక్క భాషను పెట్టుకొనవచ్చును.

లిపి వేరు, భాష వేరు. తెలుగుదేశమున సంస్కృతశ్లోకములు తెలుగు లిపిలోనే అచ్చుపడుచున్నవి. కోయ, లంబాడీ భాషలను తెలుగు లిపిలో వ్రాయుట కలదు. కావున లిపిని చూచి భాషను ఊహింపరాదు. గుర్తులో భాషతోపాటు లిపిని, దేశమును కూడ చెప్పుటకు ఏర్పాటున్నది. 'సంస్కృతము, తెలుగు లిపి, భారతదేశము' అని మూడు ముక్కలలో నిర్దేశింపవచ్చును. తెలుగు ప్రోగ్రాములు వ్రాయువారిలో పెక్కురు ఈ గుర్తును ఉపేక్షించుచున్నారు. తెలుగక్షరములకు హిందీ మరాఠీలకున్న చిక్కు లేదు. గుర్తు పెట్టకున్నను తెరపై సరిగానే కనబడును. ఇక పెట్టనేల యని వారి వాదము. చూపున్నవానికి ఆ వాదము సరిపోవును. చూపు లేనివారికి ఫోను వ్రాతను చదివి వినిపించును. వ్రాత ఆంగ్లమని గుర్తు పడినచో, ఆంగ్లము చదువు స్వరము తెలుగు రాగానే తడబడును, లేదా ఏమియు పలుకక దాటిపోవును. తెరపై అంతయు సరిగానే యున్నది. వినువానికి మాత్రము పుట ఖాళీ.

ఒక దేశమున సరిగా నడచిన ప్రోగ్రాము మరియొక దేశమున తప్పుటకును ఈ భాషాగుర్తే కారణము కావచ్చును. తుర్కీ భాషలో చుక్క గల ఐ అక్షరము వేరు, చుక్క లేనిది వేరు. చిన్నబడిలో నున్న చుక్క పెద్దబడిలోను నిలుచును. ఆంగ్లపద్ధతిని మనసులో నుంచుకొని చిన్నబడి మాటను పెద్దబడిగా మార్చి పోల్చు ప్రోగ్రాము, తుర్కీ గుర్తు గల ఫోనులో తన మాటను తానే గుర్తుపట్టలేకపోవును. సంఖ్యల నడుమ కామాలును అట్టివే. తెలుగు గుర్తు గల ఫోను 12,34,567 అని చూపినదానిని, అమెరికా ఆంగ్లపు గుర్తు గల ఫోను 1,234,567 అని చూపును.

తెలుగువారికి నిత్యము ఎదురగు కష్టము మరియొకటి. రోమను అక్షరములకు ఎత్తు తక్కువ. తెలుగక్షరమునకు పైన గుడియు క్రింద ఒత్తును గూడ కావలెను. ఆంగ్లమును కొలిచి కట్టిన గడిలో తెలుగును కూర్చుండబెట్టినచో తలయో పాదమో తెగును. పాదము తెగినచో 'గుడ్డి' యను మాట 'గుడి' యగును. 'కల్ల' మాట 'కల' యగును. 'పద్యము' నందలి యావత్తు సగము తెగినచో 'పదము' మిగులును. వీనిని చూచి నవ్వవచ్చును. కాని మందు వాడు విధమును తెలుపు వ్రాతలో 'వద్దు' అను మాట సగము తెగి యున్నచో, దానిని చదువు వృద్ధురాలికి నవ్వు రాదు. గడికి తగినట్లు అక్షరమును అణచి ఇరికించిన రూపములు కొన్నాళ్లు ఆండ్రాయిడులో వాడుకలో నుండెను. 2024లో వచ్చిన 15వ కూర్పు ననుసరించి వ్రాసిన ప్రోగ్రాములలో, తెలుగు, కన్నడము, తమిళము మొదలగు లిపులకు వాని సహజమైన ఎత్తునే ఇచ్చుట నియమమైనది. నియమము వచ్చినంతమాత్రమున పాత గళ్లన్నియు పెద్దవి కాలేదు. ప్రోగ్రాము వ్రాయువాడు తన తెరమీద ఒక్కసారి 'గుడ్డి' యని వ్రాసి చూచుకొనుట మేలు.

సాధారణ ఫోనులకు వచ్చు పొట్టి సందేశములో 140 బైట్లకు మించి పట్టదు. ఆంగ్లములో వ్రాసినచో అందు 160 అక్షరములు ఇమిడును. తెలుగులో ఒక్కొక్క సంఖ్యకు రెండు బైట్లు కావలసియుండుటచే 70 సంఖ్యలు మాత్రమే పట్టును. అందు 'స్త్రీ' యొక్కటియే ఆరింటిని తినివేయును. తుఫాను సమయమున తీరగ్రామములకు పంపు హెచ్చరికలో ఊరిపేరు, సమయము, పోవలసిన చోటు ఇన్నియు చెప్పవలెనన్న తెలుగులో రెండు మూడు ఖండములగుట తప్పదు. అప్పటికిని తెలుగులో పంపుటయే న్యాయము. చదువలేని భాషలో వచ్చిన హెచ్చరిక రానిదానితో సమానము. భారతదేశమున అమ్ము ఫోనులలో రాజ్యాంగము గుర్తించిన 22 భాషల సందేశములను చదువుటకు వీలుండవలెనని 2016 నాటి భారతీయ ప్రమాణము, 16333వ సంఖ్య గలది, తన మూడవ భాగమున విధించినది.

తెలుగు పట్టికలోని 128 స్థానములు మొదట నిండలేదు. కొన్ని యక్షరములు ఆలస్యముగా వచ్చి చేరినవి. చాప, జాబు అను మాటలలోని దంత్య చజలకు 2008లో సంఖ్యలు లభించినవి. పాతకాలపు తాళపత్రములలోను తొలినాటి అచ్చుపుస్తకములలోను కనబడు నకారపొల్లు 2021లో గాని రాలేదు. దాని సంఖ్య 3165. ఆ సంవత్సరమునకు ముందు తయారైన ఫాంటు గల ఫోనులో నేడు నకారపొల్లును వ్రాసి పంపినచో, ఫోను ఆగిపోదు, కూలిపోదు. ఆ చోట ఒక ఖాళీ గడి మాత్రము కనబడును. సంఖ్య చేరినది, బొమ్మ ఇంకను చేరవలసియున్నది.